పసుపు కడిగిన చేతులు

మా వదిన పోయింది. ఆ కబురు నాకు చెప్పింది మా అక్క. నేను బియ్యం మిల్లులో పొద్దుటి లారీ లోడు లెక్క రాసుకుంటుంటే ఫోను మోగింది.

"వదిన పోయిందిరా. పొద్దున్నే టీ తాగి, అన్న కోసరం చూస్తా గడప మీద కూచునిందంట. అట్లే ఒరిగిపోయిందంట. గుండె" అని ఏడ్చింది.

ఆ ఏడుపు అబద్ధం కాదు. అది నాకు తెలుసు. కానీ కాసేపు ఏడ్చి, ముక్కు చీది, గొంతు సర్దుకుని ఇంకో మాట అంది. "పుణ్యవతిరా. ముత్తైదువగా పోయింది. అందరికీ దొరికే చావు కాదు."

నేను ఫోను పెట్టేశాను. ఆ మాటకు వచ్చిన కోపం ఇవాళ్టికీ తగ్గలేదు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు చేతులు జోడించి రాయాలంటారు. నేను రోజూ లెక్కలు రాసే మనిషిని, బడికి పోయింది తక్కువ, దుకాణాల బోర్డులు చూసీ పాత పేపర్లు చూసీ అక్షరాలు పట్టుకున్నాను. మాట్లాడటం నాకు రాదు. కాబట్టి కోపాన్ని కూడా రాసే తీర్చుకోవాలి. మా వదిన మీద ఉన్న గౌరవమే ఈ కోపం అనుకుని చదవండి.

మా వదినది తెక్కలకోట. కాలువ కింద మడి ఉన్న ఇల్లు. పెళ్లై బళ్లారి సత్యనారాయణపేటలో మా ఇంటికి వచ్చేనాటికి నేను నిక్కర్ల పిల్లాణ్ణి. మా అన్నకు కుడతిని కరెంటు ప్లాంటులో షిఫ్టు పని. నేను పెళ్లి చేసుకోలేదు, వాళ్లతోనే ఉండిపోయాను. వాళ్ల కొడుకు ఇప్పుడు తెక్కలకోటలోనే సేద్యం చూసుకుంటున్నాడు. అంటే మా ఇంట్లో ఇన్నేళ్లూ నాకు అన్నం పెట్టిన చేయి ఆమెదే. ఈ రాతంతా ఆ చేతి గురించే.

మా వైపు పెళ్లి పనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. రోలు కడిగి, సున్నం బొట్లు పెట్టి, రోకలికి పసుపు కొమ్ములు కట్టి, ఆడవాళ్లంతా చుట్టూ చేరతారు. మొదటి పోటు ఎవరు వేయాలన్నది పెద్ద విషయం. మొగుడూ పిల్లలూ చల్లగా ఉన్న ముత్తైదువ వేయాలి, ఆమె చేయి మంచిదని నలుగురూ ఒప్పుకోవాలి. మా వీధిలో, మా బంధువుల్లో, ఏ ఇంట పెళ్లయినా ఆ మొదటి పోటు మా వదినదే. ముహూర్తం పెట్టుకున్న ఇంటివాళ్లు మొదట కార్డు ఇచ్చేది దేవుడికి, తర్వాత ఆమెకు.

ఆమె రోలు దగ్గర నిలబడితే చూడాలి. కొంగు బొడ్లో దోపి, రోటి అంచు అరచేత్తో ఒకసారి తుడిచి, చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూసేది. మాటలు ఆగేదాకా రోకలి ఎత్తేది కాదు.

"నోర్లు మూసుకోండమ్మే. కొమ్ము పగిలిన సప్పుడు పెండ్లికూతురికి ఇనపడాల. రేపటి నుంచి బ్యాండు, మైకు, మీ గోల. పాపకు ఇంకేం ఇనపడదు" అనేది.

ఒకే పోటు. కొమ్ము టప్పుమని పగిలేది. ఆ తర్వాత నవ్వులు, పాటలు, ఎగతాళి. ఆ రోజంతా ఆమె చేతులు పచ్చగా ఉండేవి. ఆ చేత్తోనే నాకు అన్నం కలిపి పెట్టేది. ముద్దలో పసుపు వాసన వచ్చేది.

తర్వాత ఆ చేతులకు జబ్బు వచ్చింది.

మొదట మోచేతుల మీద ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొట్టు. తర్వాత మోకాళ్లు, పాదాలు. చివరికి అరచేతులు. చర్మం మందంగా అయి, నెర్రెలు విచ్చిన రేగడి నేల మాదిరి అయింది. ఉప్పు తగిలితే కళ్లలో నీళ్లు తిరిగేవి. ముదురు రంగు చీరలు కట్టడం మానేసింది, పొట్టు రాలితే కనబడుతుందని. ఎవరింట్లోనైనా కూచుని లేచేటప్పుడు, కూచున్న చోటంతా అరచేత్తో ఒకసారి తుడిచి, ఆ పొట్టు కొంగులో కట్టుకుని లేచేది. రోటి అంచు తుడిచిన చేయి అది. ఆ చేత్తోనే తన చర్మం తానే ఏరుకునేది, పక్కవాళ్లతో నవ్వుతూ మాట్లాడుతూ. అది చూసినవాళ్లు ఒక్కరైనా "ఉండనీలే వదినా, మేము ఊడ్చుకుంటాం" అని ఉంటే ఇది రాయాల్సిన పని నాకు ఉండేది కాదు.

అనలేదు. మా అక్క ఇల్లు మాకు రెండు వీధుల అవతలే. అక్కడ మా వదినకు వేరే గ్లాసు పెట్టారు. నోటితో చెప్పలేదు. కిటికీలో పక్కగా ఒక స్టీలు గ్లాసు, ఎప్పుడు పోయినా టీ దాంట్లోనే. మా వదినకు తెలియదా? కొన్నాళ్లకు టీ తాగి, గ్లాసు కడిగి, తన సంచిలో వేసుకుంది.

"యాడికి వదినా ఆ గ్లాసు?" అంది మా అక్క.

"నాదే గదమ్మే. మీరు ఇచ్చిన బహుమానం. మా ఇంట్లో పెట్టుకుంటాండా" అంది మా వదిన.

ఆ గ్లాసు మా ఇంట్లో అద్దం కింద బల్ల మీదికి వచ్చింది. తర్వాత ఆమె పూత మందుల ట్యూబులన్నీ దాంట్లోనే నిలబడ్డాయి. ఇప్పటికీ ఉన్నాయి.

నాగదోషం అన్నారు. పామును చంపిన ఇల్లు అన్నారు. పుట్ట చుట్టూ తిప్పారు. ఎవరో చెప్పిన ఒక మనిషి దగ్గరికి తీసుకుపోతే పొట్లాలు కట్టి పొడి ఇచ్చాడు. దానితో పొట్టంతా ఇట్టే రాలిపోయింది, అందరూ ఆ మనిషిని దేవుడన్నారు. పొడి ఆపిన వెంటనే ముందుకంటే రెట్టింపుగా ఒళ్లంతా ఎర్రబారి, మంచం మీద చలితో వణికింది. అప్పుడు ఆ దేవుడు ఫోను ఎత్తలేదు. మా అన్న తన స్నేహితుడి ఆటోలో ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ దొరికింది చర్మం డాక్టరమ్మ.

డాక్టరమ్మది కన్నడం. మా వదినకు కన్నడం బాగానే వచ్చు, కానీ కంగారులో తెలుగే వచ్చేది. ఇద్దరూ చెరో భాషలో మాట్లాడుకునేవాళ్లు, ఇద్దరికీ అర్థమయ్యేది. డాక్టరమ్మ మొదట చేసిన పని నాకు బాగా గుర్తు. తొడుగు లేకుండా ఉత్త చేతులతో మా వదిన అరచేతులు పట్టుకుని తిప్పి చూసింది. మా వదిన చేయి లాక్కోబోయింది. డాక్టరమ్మ వదలలేదు. "ఇది అంటుకోదమ్మా" అంది. "సోరియాసిస్. ఒళ్లే తొందరపడి చర్మం మీద చర్మం పుట్టిస్తోంది. పుట్టకూ పాముకూ సంబంధం లేదు. పూర్తిగా పోతుందని చెప్పను, మళ్లీ రావచ్చు. కానీ అణిచి పెట్టవచ్చు." రక్తపోటు కూడా చూపించుకోమని, ఈ జబ్బు ఉన్నవాళ్లు గుండెను కూడా కనిపెట్టుకుని ఉండాలని అప్పుడే చెప్పింది. మా వదిన ఆ మాత్రలూ వేసుకునేది.

ఒళ్లు కుదుటపడ్డాక చేతులకూ కాళ్లకూ పూత మందు ఇచ్చారు. కొంత తగ్గింది కానీ అరచేతుల మందం కరగలేదు. అప్పుడు డాక్టరమ్మ, పూతతో పాటు వెలుగు కూడా పెడదామంది. వారంలో కొన్ని రోజులు ఆసుపత్రికి వచ్చి, పెట్టెలో చేతులూ కాళ్లూ పెట్టాలి. దాంట్లో ఒక రకం వెలుగు పడుతుంది. మొదట కొద్ది క్షణాలు, చర్మం ఓర్చుకునే కొద్దీ మెల్లగా పెంచుతారు. పూత మందు రాత్రికి. వెలుగుకు ముందు ఏదీ పూయకూడదు.

ఈ మాట మా అక్కకు చెబితే పకపకా నవ్వింది. "బళ్లారిలో ఎండకు కరువా వదినా? మిద్దెక్కి కూచుంటే ఊరికే తగుల్తాది. దానికోసరం ఆస్పత్రికి పోతారా యాడన్నా?"

మా వదిన నిజంగానే పోయి డాక్టరమ్మను అడిగింది. డాక్టరమ్మ కోప్పడలేదు. ఎండలో మాన్పే వెలుగూ, మాడ్చే వెలుగూ కలిసి ఉంటాయని, పెట్టెలో కావలసినదాన్ని ఏరి, కొలిచి ఇస్తారని, ఎండకు కూచుంటే కాలి జబ్బు ఇంకా రేగవచ్చని చెప్పింది. మా వదిన ఇంటికి వచ్చి నాకు తన మాటల్లో చెప్పింది.

"ఎండంటే కళ్లంలో కుప్ప గదప్పా, తాలూ గింజా అంతా ఒకటే. ఆ పెట్టెలోది తూర్పారబట్టిన గింజ."

మందూ వెలుగూ రెండూ ఎందుకని నేను అడిగితే కూడా అట్లే చెప్పింది. "ఒంటెద్దుతో మడి దున్నితే నాగటి చాలు వంకరపోతాది. జోడెద్దులైతేనే సక్కగా పోతాది."

అన్నకు పగటి షిఫ్టు ఉన్న రోజుల్లో నేను తీసుకుపోయేవాణ్ణి. ఆ పెట్టె చిన్న బల్ల మాదిరి ఉంటుంది. పైన చేతులు పెట్టే చోటు, కింద కాళ్లు పెట్టే చోటు. కళ్లకు నల్ల అద్దాలు ఇస్తారు. మొదటి రోజు అవి పెట్టుకుని నా వైపు తిరిగి, "ఎట్లుండా? మీ అన్న ప్లాంటులో వెల్డింగు చేసేకి పోతాండా" అంది. మీట నొక్కగానే లోపల ఊదారంగు వెలుగు. ఆ వెలుగులో ఆమె చేతులు, తాను రోటి అంచు తుడిచే భంగిమలోనే, చాచి ఉండేవి. లోపల ఫ్యాను రొద. ఆమె అప్పుడు మాట్లాడేది కాదు. రోలు దగ్గర ఎట్లా నోరు మూసుకోమనేదో ఇక్కడా అంతే, ఎవరైనా మాట్లాడితే చిరాకు పడేది.

వారాలు గడిచాయి. మోచేతులు బాగుపడ్డాయి. అరచేతులూ పాదాలూ మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. డాక్టరమ్మకు అర్థం కాలేదు. పూత మందు సరిగ్గా రాస్తున్నావా అని అడిగింది. రాస్తున్నానంది. ట్యూబులు చూపించింది. వెలుగు పెంచుదామా వద్దా అని ఆలోచిస్తుండగా, పెట్టె తుడిచే నర్సమ్మ గుడ్డ పట్టుకుని వచ్చింది. గుడ్డ పచ్చగా ఉంది.

"ఏనమ్మా ఇదు? అరిశినా?" అంది నర్సమ్మ. అరిశిన అంటే పసుపు.

మా వదిన పాదాల వైపు చూసుకుంది. పొద్దున్నే స్నానం చేసి, కాళ్లకూ చేతులకూ పసుపు పూసుకోకుండా ఆమె గడప దాటి ఎరగదు. ముత్తైదువ అట్లా దాటకూడదు. దానికి తోడు మా అక్క, చర్మానికి మంచిదని వేపాకు నూరి, నూనె కలిపి, పసుపు దట్టంగా పట్టించుకోమని నేర్పింది. ఏదీ పూయకూడదని డాక్టరమ్మ చెప్పింది మందుల గురించే అనుకుంది మా వదిన. పసుపు పూత అని ఆమె అనుకోలేదు. మా ఇంట్లో ఎవరమూ అనుకోలేదు. ఊరిలో ఏ ఆడమనిషీ అనుకోదు. పసుపు అంటే ఒళ్లే గదా.

డాక్టరమ్మ తలపట్టుకుని నవ్వింది. "అమ్మా, ఇన్నాళ్లూ వెలుగు పెట్టింది నీకు కాదు, నీ పసుపుకు. అది గోడ మాదిరి అడ్డం నిలబడింది. వెలుగు దినాల్లో ఏనూ హచ్చబ్యాడ్రి. పసుపు లేదు, నూనె లేదు, ఏదీ పూయొద్దు. సబ్బుతో కడుక్కుని ఉత్త చర్మంతో రా."

మా వదిన ఒప్పుకుంది. ఇంటికి వచ్చి బండి దిగాక అడిగింది. "పసుపు లేకుండా గడప దాటల్నా అప్పా?" సాయంత్రం షిఫ్టు దిగి వచ్చాక మా అన్న విని, "దాటు. నేనుండా గదా" అన్నాడు. ఆయన మాటలు ఎప్పుడూ అంతే పొడవు.

ఆ రోజు నుంచి వెలుగు దినం అంటే మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. పొద్దున్నే కొళాయి దగ్గర ఆమె సబ్బుతో చేతులూ కాళ్లూ రుద్ది రుద్ది కడుక్కునేది. మా అన్న భుజాన తువ్వాలు వేసుకుని పక్కన నిలబడేవాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన రోజైనా బట్టలు మార్చుకోకుండా అక్కడే నిలబడేవాడు. ఆమె చేతులు చాచేది. ఆయన వేళ్ల సందుల్లో కూడా తడి లేకుండా తుడిచేవాడు. గట్టిగా రుద్దితే నెర్రెల్లో రక్తం వస్తుందని అద్దుతూ తుడిచేవాడు. తర్వాత ఇద్దరూ బండెక్కేవాళ్లు.

వీధికి ఇంతకంటే ఏం కావాలి? ఇన్నాళ్లూ పొట్టు రాలుతోందని దూరం జరిగినవాళ్లు, ఇప్పుడు పసుపు లేదని దగ్గరికి వచ్చి చూశారు. మా అక్క ఇంటికే వచ్చింది.

"మొగుడు గుండ్రాయి మాదిరి ఉండంగా ఉత్త కాళ్లతో తిరుగుతాండావు ఏంది వదినా? అందరూ నన్ను అడుగుతాండారు. మా అన్నకు ఏమన్నా అయితే?"

మా వదిన చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. "ఏమ్మే, మీ అన్నను నా కాళ్ల పసుపు కాపలా కాస్తాండాదా? అట్లయితే ప్లాంటులో ఆ నెత్తి టోపీ ఎందుకు? ఇచ్చేయమను, కంపెనీకి మిగుల్తాది."

"నీకు అంతా యాళాకోళమే."

"యాళాకోళం కాదమ్మే. ముందు పసుపు పూసుకునే చర్మం ఉండల్ల గదా. అది వచ్చినాక పూసుకుంటా."

వచ్చింది. అదే నేను చెప్పదలచుకున్నది, ఇది చదివేవాళ్లలో ఇటువంటి చేతులు ఉన్నవాళ్లు ఉంటే వినండి. పసుపు అడ్డం తీసేశాక, పగలు వెలుగు, రాత్రి పూత, రెండూ కలిసి పనిచేశాయి. మందం కరిగింది. నెర్రెలు పూడాయి. ఒకరోజు ఆమె చింతపండు పిసికి, పిసికిన చేయి నా ముందు చాపి, "మండలేదప్పా" అంది. అంతే. పండగ చేయలేదు. అరచేయి లేత గులాబీ రంగులో, పసిపిల్ల పాదం మాదిరి ఉంది.

మాన్పింది దేవుడు కాదు, పొడి పొట్లం కాదు. చదువుకున్న ఒక డాక్టరమ్మ, ఓపికగా కడుక్కున్న ఒక ఆడమనిషి, తువ్వాలు పట్టుకుని నిలబడ్డ ఒక మగమనిషి.

అదే సమయానికి మా మేనకోడలి పెళ్లి కుదిరింది. మా అక్క కూతురు. పుట్టిన నాటి నుంచి మా వదిన ఒళ్లో పెరిగింది. ఆ పిల్ల పెళ్లికి మొదటి పోటు తానే వేయాలని మా వదిన ఆశ. నిజం చెప్పాలంటే, ఆ పెట్టెలో చేతులు పెట్టుకుని కూచున్నంత సేపూ ఆమె మనసులో ఉన్నది ఆ రోలే. నాకొక్కడికే చెప్పింది. "నా చేతి సప్పుడు ఆ పాపకు ఇనపడల్లప్పా."

పసుపు దంచే రోజు పొద్దున్నే లేచింది. వెలుగు దినం కాదు. చాలా నెలల తర్వాత చేతులకూ కాళ్లకూ నిండుగా పసుపు పూసుకుంది. ముదురాకుపచ్చ చీర కట్టింది. ముదురు రంగు కట్టడం ఎన్నాళ్లకో. మేము పోయేసరికి రోలు సిద్ధంగా ఉంది. ఆమె అలవాటు ప్రకారం ముందుకు పోయి, కొంగు దోపుకుని, రోటి అంచు అరచేత్తో తుడిచింది.

మా అక్క ఆమె భుజం మీద చేయి వేసింది. "నువ్వు కూచో వదినా. నీకెందుకు శ్రమ."

"శ్రమేంది? నాకేమన్నా కొత్తనా?" అని నవ్వి, మా వదిన రెండు అరచేతులూ చాపి చూపించింది. "సూడు, అద్దం మాదిరి ఉండాయి. పట్టుకుని సూడు."

మా అక్క పట్టుకోలేదు. "చేతులు బాగుండాయిలే వదినా. జనాల నోర్లే బాగలేవు."

అప్పుడు పక్కనున్న ఒకామె, మా వీధి చివరి ఇంటామె, గట్టిగానే అంది. "జబ్బు పోయిందని కాదమ్మా. మొగుడుండంగా పసుపు మానేసిన చేయి. పెండ్లి పసుపుకు పనికిరాదు."

 రోలు దగ్గర అంత నిశ్శబ్దం మా వదిన ఎంత అరిచినా ఎప్పుడూ దొరికేది కాదు. రోకలి ఆ వీధి చివరి ఇంటామె చేతికే పోయింది. ఆమె ఎత్తి వేసింది. కొమ్ము పగలలేదు, జారి పక్కకు పడింది. మళ్లీ వేసింది.

చూశారా, ఆ న్యాయం? జబ్బు ఉందని పనికిరాదన్నారు. జబ్బు పోగొట్టుకోవడానికి పసుపు కడిగితే, కడిగావని పనికిరాదన్నారు. పూసుకుంటే వెలుగు తగలదు, కడుక్కుంటే మనిషి తగలడు. ఎటు పోవాలి ఒక మనిషి?  

మా వదిన కొంగు విప్పి భుజం మీద వేసుకుంది. ఒక మూల కూచుంది. వచ్చినవాళ్లను పలకరించింది, భోజనం బాగుందని చెప్పింది. లేచేటప్పుడు, అలవాటు కొద్దీ, కూచున్న చోటు అరచేత్తో తుడిచింది. అక్కడ ఏమీ లేదు. ఆమెకు రాలడానికి పొట్టే లేదు అప్పటికి.

ఇంటికి వచ్చి, అద్దం కింద ఆ స్టీలు గ్లాసులోంచి ట్యూబు తీసి, రోజూ రాసుకున్నట్టే రాసుకుంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. 

"పోయి పడుకో అప్పా" అంది. తర్వాత ట్యూబు మూత పెడుతూ, "నా చేతులకు పెట్టె దొరికింది. వీళ్లను కూచోబెట్టేకి యాడన్నా పెట్టె ఉండాదేమో డాక్టరమ్మను అడగల" అంది. నవ్వుతూనే అంది. మళ్లీ ఎప్పుడూ ఎవరింటా రోలు దగ్గరికి పోలేదు. ఎవరూ పిలవనూ లేదు.

డాక్టరమ్మ చెప్పినట్టే జబ్బు మళ్లీ కొంచెం తొంగి చూసింది ఈ ఏడు. మా వదిన బెంబేలు పడలేదు. "సుట్టం వచ్చినాడు, మర్యాద చేసి పంపియ్యల" అని మళ్లీ వెలుగుకు పోవడం మొదలుపెట్టింది. మళ్లీ కొళాయి, సబ్బు, తువ్వాలు.

ఆ రోజు కూడా వెలుగు దినమే. ఆమె పసుపు కడుక్కుని, టీ తాగి, రాత్రి షిఫ్టు నుంచి రావలసిన మా అన్న కోసం చూస్తూ గడప మీద కూచుంది. ఆయన వచ్చి తుడవాలి, బండెక్కించుకోవాలి. ఆయన వచ్చేసరికి ఒరిగిపోయి ఉంది. చేతులు ఇంకా చెమ్మగానే ఉన్నాయని మా అన్న తర్వాత నాతో అన్నాడు.

నేను మిల్లు నుంచి ఇంటికి చేరేసరికి ఆడవాళ్లు ఆమెకు స్నానం చేయించి, ఒళ్లంతా పసుపు పూసి, కొత్త చీర కట్టి, నుదుట రూపాయంత కుంకుమ పెట్టి పడుకోబెట్టారు. ముత్తైదువగా పోయిన ఆడమనిషి చేతిలో పసుపు పెట్టి, ఆ పసుపు కొంచెం తీసుకుని తాళికి రాసుకుంటే తమ పసుపుకుంకుమలు కూడా గట్టిగా ఉంటాయని మా వైపు నమ్మకం. మా అక్క తడిపసుపు ముద్ద ఒకటి ఆమె కుడి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, "వదినా, దీవించు" అని ఏడ్చి, మొదట తాను తీసుకుంది.

తర్వాత వరుస కట్టారు. వేరే గ్లాసులో టీ ఇచ్చినవాళ్లు. ఆమె లేచిన చోట నీళ్లు చల్లినవాళ్లు. ఉత్త కాళ్లని నవ్వినవాళ్లు. ఒకరి తర్వాత ఒకరు వంగి, ఆ చేయి పట్టుకుని, వేళ్లు విప్పి, పసుపు గిల్లి తాళికి రాసుకుంటున్నారు. బతికి చాపినప్పుడు పట్టుకోని చేయి. వీధి చివరి ఇంటామె కూడా వచ్చింది. పెళ్లి పసుపుకు పనికిరాదన్నామె. ఆమె అందరికంటే పెద్ద ముద్ద తీసుకుంది.

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు వాళ్లను అడగాల్సింది అడగలేదు. అదే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

మా అన్న ప్లాంటు చొక్కాతోనే ఆమె తల దగ్గర కూచుని ఉన్నాడు.  చాలాసేపు ఆ వరుసను చూశాడు. తర్వాత లేచాడు. కొక్కేనికి ఉన్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. మా మేనకోడలు గుమ్మం పక్కన నిలబడి ఉంది. వరుసలో లేనిది ఆ పిల్లొక్కటే.

"పాపా, చెంబుతో నీళ్లు తే. సబ్బు కూడా" అన్నాడు.

ఆ పిల్ల తెచ్చింది. మా అన్న కింద కూచుని, మా వదిన కుడిచేయి తన ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే విప్పి కడగడం మొదలుపెట్టాడు. పచ్చటి నీళ్లు నేల మీద పారాయి. వంగిన ఆడవాళ్లు వెనక్కి జరిగారు.

"అన్నా! ఏం చేస్తాండావు?" అని మా అక్క అరిచింది. "ముత్తైదువ చేతి పసుపు కడుగుతారా యాడన్నా?"

మా అన్న తలెత్తలేదు. "ఈ పొద్దు దానికి లైటు దినం గదమ్మా. పసుపు ఉండగూడదు" అన్నాడు.

ఆయనకు మతి తప్పిందేమోనని కొందరు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నాకు అట్లా అనిపించలేదు. ఆయన గొంతు రోజూ కొళాయి దగ్గర ఉన్నట్టే ఉంది. ఎడమ చేయి కూడా కడిగాడు. తువ్వాలు తీసి వేళ్ల సందుల్లో అద్దుతూ, రుద్దకుండా తుడిచాడు. ఎవరూ ఆపలేదు. మా మేనకోడలు చెంబు పట్టుకుని పక్కనే కూచుంది.

తుడిచాక ఆ రెండు చేతులనూ అరచేతులు పైకి వచ్చేలా ఆమెకు చెరో పక్కన పెట్టాడు. అప్పటికి ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. పాడె లేపేదాకా ఆ చేతులు అట్లే ఎండలో ఉన్నాయి, మధ్యలో ఏ అడ్డమూ లేకుండా. వాటిని ముట్టుకోవడానికి మళ్లీ ఎవరూ ముందుకు రాలేదు.